బాగే ఆమ్ - జనుల తోట

ఉర్దూలో 'బాగ్' అనగా తోట. 'ఆమ్' అనగా సర్వజనులకు చెందినది. మొగలు చక్రవర్తుల దీవానే ఆమ్ సంగతి చరిత్ర పాఠములలో మనమందరము చదివియే యున్నాము. ఆ మాటనే పేరుగా ధరించిన ఉద్యానమొకటి హైదరాబాదులో, నాంపల్లి రైల్వే స్టేషనుకు చేరువలో ఉన్నది. నేడు దానిని పబ్లిక్ గార్డెన్స్ అని పిలుతురు. 1846లో, నాలుగవ నిజాము నాసిరుద్దౌలా పాలనలో, అది బాగే ఆమ్‌గా వెలసినది.

ఆ సంవత్సరము గమనింపదగినది. ఇంగ్లండులో పౌరుల సొమ్ముతో ఏర్పడిన తొలి ఉద్యానముగా పేరొందిన బర్కెన్‌హెడ్ పార్కు 1847లో తెరువబడినది. ఆ లెక్కకు మన బాగే ఆమ్ ఒక యేడాది పెద్దది. అయితే అది పౌరులు తమకై తాము ఏర్పరచుకొన్నది. ఇది ప్రభువు ఏలుబడిలో వెలసినది. ప్రభువుల కాలపు తోట ప్రజల తోటగా ఎంతవరకు మారినదో తెలిసికొనుటకే మేము దానిని చూడబోతిమి.

మన చంద్రగిరిని ఒక్కసారి తలచుకొందము. విజయనగర ప్రభువుల కడపటి రాజధానులలో అది యొకటి. అచ్చటి రాజమహలు, రాణిమహలు నేడు ఎవరైనను చూడవచ్చును. కాని రాజ్యము అంతరించిన తరువాతనే ఆ కోట సామాన్యునకు దక్కినది. బాగే ఆమ్ విషయమున రాజ్యము నిలిచియుండగనే 'జనులది' అన్న మాట పుట్టినది.

తోటలో మొదట చూపును ఆకర్షించునది తెల్లని గుమ్మటములతో అలరారు పాత టౌన్‌హాలు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను నలుబదియవ జన్మదినమునకు గుర్తుగా పౌరులు దానిని సంకల్పించిరి. 1905లో పునాది పడినది; 1913 నాటికి కట్టడము ముగిసినది. ఈ నడుమ 1911లో మహబూబ్ కన్నుమూసెను. ఎవరి పేరిట కట్టిరో ఆయన దానిని చూడనేలేదు. ఆ 1913లోనే ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాను జూబిలీ హాలు కట్టించెను. 1937లో ఆయన రజతోత్సవ దర్బారు అందే జరిగినది.

1930 ప్రాంతమున తోటలో ప్రదర్శనశాల ఏర్పడినది. అందలి ఈజిప్టు మమ్మీని చూచుటకు పిల్లలు ఉబలాటపడుదురు. మమ్ము ఎక్కువసేపు నిలిపినవి మాత్రము ఏలేశ్వరపు శిల్పములు. నాగార్జునసాగరపు నీటిలో ఆ గ్రామము మునిగిపోవుటకు ముందు త్రవ్వి తీసినవి అవి. ఒకప్పుడు నగరపు జంతుశాల కూడ ఈ తోటలోనే ఉండెడిది. 1963లో మీరాలం చెరువు చెంత నెహ్రూ జంతుశాల తెరచిన పిదప మృగములు అచ్చటికి తరలినవి.

ఇక ఈ తోటతో మన రాయలసీమకుగల సంబంధము చెప్పవలెను. విచిత్రమేమనగా, మన రాజకీయ చరిత్రలోను ఒక 'బాగ్' కలదు. 1937 నవంబరు 16వ తేదీన చెన్నపట్టణమున కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి శ్రీబాగ్ గృహమున సీమ నాయకులు, కోస్తా నాయకులు ఒడంబడిక చేసికొనిరి. 1953లో కర్నూలు రాజధాని అయినది. పెక్కు కార్యాలయములు డేరాలలో నడచినవి. మూడేండ్లకే, 1956 నవంబరు 1న, రాజధాని హైదరాబాదు అయినది. బాగే ఆమ్‌లోని టౌన్‌హాలు మన శాసనసభ అయినది. సీమ బిడ్డయగు నీలం సంజీవరెడ్డిగారు తొలి ముఖ్యమంత్రి అయిరి. అది మొదలు 2014 వరకు, ఏబదియెనిమిదేండ్లు, మన నీరు, మన బడులు, మన కరవు అన్నియు ఆ తోట నడుమనే చర్చకు వచ్చినవి. చిత్తూరునుండి అర్జీ పట్టుకొని రైలెక్కినవారు ఎందరో!

ఇందు ఒక చిక్కు కలదు. జనుల పేరిట ఏర్పడిన సభకు రక్షణ కావలసివచ్చి, జనుల తోటలో కొంత భాగమునకు గోడలు, పహరా వచ్చినవి. ఎదుటి గన్‌పార్కులో 1969 తెలంగాణ ఉద్యమమున అసువులు బాసినవారి స్మారక స్తూపము నిలిచియున్నది. సభలో పలుకు దొరకదనుకొన్న వేదన వీధికెక్కినప్పుడు చెల్లింపవలసివచ్చిన మూల్యమును అది చెప్పుచున్నది.

కరిబియను సముద్రమున ట్రినిడాడు రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో చట్టసభా భవనమునకు ఎదుటనే వుడ్‌ఫర్డ్ స్క్వేరు అను తోట కలదు. 1955 మొదలు ఎరిక్ విలియమ్సు అచ్చట బహిరంగ ఉపన్యాసములిచ్చి, దానిని విశ్వవిద్యాలయమని పిలిచెను. 1962లో స్వతంత్రమైన ఆ దేశమునకు ఆయనయే ప్రధాని. సభకు ఎదురుగా జనులు నిలువగల చోటు ఉండుట ఎంత అవసరమో దీనివలన తెలియును.

2014 జూన్ 2న రాష్ట్రము రెండైనది. 2017లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ వెలగపూడికి తరలినది. రాజధాని మనకు దూరమైనను తోట దూరము కాలేదు. మేము చూచిన ఉదయమున వృద్ధులు నడచుచుండిరి, తల్లులు బిడ్డలను ఆడించుచుండిరి. ఏ ఊరినుండి వచ్చితిరని మమ్ము అడిగినవారు లేరు.

మన పట్టణములలో ఖాళీ నేలను చూడగానే భవనము తలపునకు వచ్చుచున్నది. ప్రతి కట్టడమునకు మంచి కారణమే ఉండును. కాని మంచి కారణములు నాలుగు కూడినచో తోట మిగులదు. మన ఊరిలో జనులందరిదని చెప్పదగిన నేల ఎంత మిగిలినదో ఈ వారమే పిల్లలను వెంటబెట్టుకొని పోయి చూచి రండని శ్రోతలను కోరుచున్నాము.