జయవర్మ సిన్హా

జయవర్మ సిన్హా భారతీయ రైల్వే బోర్డుకు ఛైర్మన్, సీఈవోగా పనిచేసిన తొలి మహిళ. 1905లో ఏర్పడిన బోర్డు పగ్గాలు ఒక మహిళ చేతికి రావడానికి 2023 సెప్టెంబరు 1 దాకా పట్టింది.

అలహాబాద్ విశ్వవిద్యాలయంలో చదివిన ఆమె 1988లో రైల్వే ట్రాఫిక్ సర్వీసులో చేరారు. ఏ బండిని ఎక్కడ ఆపాలి, దేనికి ముందు దారి ఇవ్వాలి, సరకు రవాణాను ఎలా సాగించాలి అనేవి ఈ సర్వీసు అధికారుల నిత్యకృత్యాలు. ఉత్తర, ఆగ్నేయ, తూర్పు రైల్వేల్లో పనిచేసి, సియాల్దా డివిజన్‌కు మేనేజర్ అయ్యారు. ఢాకాలోని భారత హైకమిషన్‌లో నాలుగేళ్లు రైల్వే సలహాదారుగా ఉన్నారు. 2008 ఏప్రిల్ 14న కోల్‌కతా–ఢాకా మైత్రీ ఎక్స్‌ప్రెస్ మొదలైంది ఆ కాలంలోనే.

దేశమంతా ఆమెను గుర్తించింది మాత్రం ఒక ఘోర విషాద సమయంలో. 2023 జూన్ 2న ఒడిశాలోని బహనాగా బజార్ స్టేషన్‌లో, విశాఖపట్నం, విజయవాడల మీదుగా చెన్నై వెళ్లే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రధాన మార్గం పక్కనుండే లూప్ లైన్‌లోకి మళ్లి, ఇనుప ఖనిజంతో ఆగి ఉన్న గూడ్సును ఢీకొంది. అప్పటికి బోర్డులో ఆపరేషన్స్ సభ్యురాలైన సిన్హా రెండు రోజుల తర్వాత విలేకరుల ముందుకు వచ్చారు. సిగ్నల్ పచ్చగానే ఉందని, బండి గంటకు 128 కిలోమీటర్ల వేగంతో పరిమితికి లోబడే వెళ్లిందని చెప్పి, సిగ్నళ్లను, పట్టాల మళ్లింపును ఒకదానికొకటి ముడిపెట్టే ఇంటర్‌లాకింగ్ వ్యవస్థ పనితీరును సామాన్యులకూ అర్థమయ్యేలా వివరించారు. ప్రమాదాల వేళ అధికారుల నుంచి అరుదుగా దొరికే స్పష్టత అది.

2023 అక్టోబరు 1న ఉద్యోగ విరమణ చేయవలసిన ఆమెను ప్రభుత్వం తిరిగి నియమించింది. 2024 ఆగస్టు 31న పదవీకాలం ముగియగా, సతీశ్ కుమార్ బాధ్యతలు స్వీకరించారు.