కంపితము

నేను సంగీతము నేర్వ మొదలిడిన దినములలో నాకొక దురాశ యుండెడిది. పెద్ద విద్వాంసుల కంఠమున స్వరము నిలిచియు నిలువక యూగుచుండును గదా, ఆ యూపు నాకును పట్టుబడవలెనని. మాయామాళవగౌళలో సరళీవరుసలైనను ముగియకమునుపే దవడ నాడించుచు, ఊపిరిని కుదుపుచు పాడితిని. మా గురువుగారు తంబుర నాపి, "నాయనా, అది గమకము కాదు, చలిజ్వరము" అనిరి. మూడునెలలు గమకము ముట్టవలదని యాజ్ఞ యయ్యెను. అప్పటికే గొంతు బొంగురువోయి యుండుటచే నేను మారుపలుకలేదు, పుస్తకములు తిరుగవేసితిని.

స్వరమును కంపింపజేయుటయే గమకమని పదుమూడవ శతాబ్దమున దేవగిరి యాదవుల యాస్థానమందలి శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరమున నిర్వచించెను. అయితే అది వినువారి చిత్తమునకు సుఖము గూర్పవలెనని కూడ చెప్పెను. ఈ రెండవమాట నాకు సూటిగా తగిలినది! ఆయన చెప్పిన గమకములు 15. అందు కొన్నింటికి భేదము వేగముననే యున్నది. లఘువులో సగము ద్రుతము. కంపము నిడివి ఆ ద్రుతములో నాలుగవవంతైన తిరిపము, మూడవవంతైన స్ఫురితము, సగమైన కంపితము, ద్రుతమంతయు నైన లీనము, లఘువైన ఆందోళితము.

ఎట్టయపురమున సుబ్బరామ దీక్షితులవారు 1904లో తెలుగులిపిలో వెలువరించిన సంగీతసంప్రదాయప్రదర్శినిలో గమకములకు గుర్తు లేర్పడినవి. స్వరాక్షరము నెత్తిన అలవంటి గీత కంపితము. వీణ మెట్టుపై వ్రేలుంచి తంతిని కదల్చుటగా దాని నాయన వివరించిరి. కాని అల యెంత యెత్తు లేవవలెనో గీత చెప్పదు.

అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయపు కార్ల్ సీషోరు పాశ్చాత్య గాయకుల వైబ్రేటో యెత్తును యంత్రములతోనే కొలిచెను. అది సెకనుకు సుమారు 6, 7 మారు లూగుననియు, వెడల్పు ఇంచుమించు అర్ధస్వరమనియు తేలినది. చెవికి మాత్ర మంత తోపదు. నడుమనున్న యొక్క స్వరమే వినబడును. కంఠము బిగువు సడలి, ఊపిరి నిలకడగా సాగినపు డది తనంత వచ్చునని యచ్చటి గురువులు పలువురు చెప్పుదురు.

మన కంపితము తనంత వచ్చునది కాదు. తోడి గాంధారమును రిషభమధ్యమముల నడుమ ఊచి పాడుదుము. కదల్పక నిలిపిన యెడల అది తోడి కాదు. శంకరాభరణపు గాంధారమున కంత యూపు గిట్టదు. (మైక్రోఫోను ముందర పాడి చూపు ధైర్యము నాకు లేదు, శ్రోతలు మన్నింతురు గాక.) ఎచ్చటినుండి యెచ్చటికి, ఎంత తీరికగా అనునది రాగము నిర్ణయించును. నేను గొంతును వణకించితినే గాని స్వరము నెచ్చటికిని కొనిపోలేదు.

నాలుగవనెల మొదటినాడు గురువుగారు నాచేత రిషభము పాడించి, పిమ్మట మధ్యమము పాడించి, ఈ రెంటినడుమ నడువుమనిరి. నడచితిని, ముసలియెద్దువలె. ఉదయమంతయు నదియే పని. మధ్యాహ్నము కాబోలు, గాంధారము వినబడినది. ఆ మాటు తంబుర ఆగలేదు.