కొడైకెనాల్ సలేత్ మాత చర్చి: కొండ మీది దేవాలయం, కొండ దారిలో మన పేర్లు

తమిళనాడులోని దిండిగల్ జిల్లాలో, పళని కొండల మీద దాదాపు 2,100 మీటర్ల ఎత్తున ఉంది కొడైకెనాల్. ఇక్కడి పాత కథోలిక దేవాలయం సలేత్ మాత చర్చి. యేసుసభకు చెందిన ఫ్రెంచ్ గురువు లూయీ సెయింట్ సిర్ దీన్ని 1866లో కట్టించారు.

పేరు ఎక్కడిది?

సలేత్ అన్నది ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల మీది లా సలేత్ అనే పల్లె పేరు. 1846 సెప్టెంబరు 19న పశువులు మేపుతున్న మెలనీ, మాక్సిమిన్ అనే ఇద్దరు పిల్లలు అక్కడ కన్నీరు పెడుతున్న మరియమాతను చూశామని చెప్పారు. విచారణ జరిపించిన గ్రెనోబుల్ బిషప్ 1851లో ఆ దర్శనాన్ని ఆమోదించారు.

ఆ పిల్లలు చెప్పిన దాంట్లో మనలాంటి వాళ్లను ఆకట్టుకునే సంగతి ఒకటి ఉంది. మాత మొదట ఫ్రెంచిలో మాట్లాడిందట. బంగాళాదుంప పంట కుళ్లిపోవడం గురించి చెబుతుంటే, ఆ దుంప ఫ్రెంచి పేరు మెలనీకి అర్థం కాలేదు. అది గమనించిన మాత వెంటనే ఆ కొండవాళ్లు ఇంట్లో మాట్లాడుకునే యాసలోకి మారిందట. బడిలో ఒక భాష, ఇంట్లో ఒక భాషగా తరాలు గడిపిన మన కుటుంబాలకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు.

మధురై మిషన్

ఈ చర్చికి మూలం కొండ కింది మధురైలో ఉంది. 1606లో రాబర్టో డి నోబిలి మధురై చేరేనాటికి అక్కడ ఏలుతున్నది తెలుగు వారైన నాయక రాజులు. ఆయన తమిళం, సంస్కృతంతో పాటు తెలుగు కూడా నేర్చుకున్నారు. 1773లో పోపు యేసుసభను రద్దు చేశారు, 1814లో తిరిగి నెలకొల్పారు. 1830ల చివర్లో ఫ్రెంచ్ గురువులు వచ్చి మధురై మిషన్‌ను మళ్లీ చేపట్టారు. సెయింట్ సిర్ ఆ మిషన్ వారే.

మైదానంలోని జ్వరాలకు, కలరాకు తట్టుకోలేక అమెరికన్ మిషనరీలు 1845లోనే కొడైకెనాల్‌లో బంగళాలు వేసుకున్నారు. కథోలిక గురువులు ఆ తర్వాత వచ్చారు. 1895లో దగ్గర్లోని శెంబగనూరులో యేసుసభ సేక్రెడ్ హార్ట్ కాలేజీ మొదలైంది.

కొండ ఎక్కే దారి

చర్చి కట్టేనాటికి రైలూ లేదు, బండి దారీ లేదు. పెరియకుళం వైపు కొండ అడుగునున్న కృష్ణమనాయకన్ తోపు నుంచి కాలినడకన గానీ, గుర్రం మీద గానీ, మనుషులు మోసే డోలీలో గానీ పైకి వెళ్లాలి. 1875లో రైలు వచ్చాక ప్రయాణికులు అమ్మయనాయకనూరులో దిగేవారు. అది తెలుగు మాట్లాడే కంబళత్తు నాయకర్ల పాత జమీ. మోటారు బండ్లకు ఘాట్ రోడ్డు 1916లో గానీ రాలేదు.

అంటే 1866 నాటి చర్చి దాకా వెళ్లే దారిలో మన వాళ్ల పేర్లు మజిలీలుగా ఉన్నాయి. ఇప్పుడు ఆ స్టేషన్‌ను అందరూ కొడైరోడ్ అంటారు. ఘాట్ రోడ్డు వచ్చాక తోపు వైపు వెళ్లే పని తప్పింది. ఎక్కడో ఫ్రాన్స్‌లోని పల్లె పేరు మాత్రం ఏటా పండుగ జరుగుతున్నందువల్ల నిలిచింది. తమిళుల నోట ‘సలేత్ మాదా’ అయి, సొంత పేరులా స్థిరపడింది.

పండుగ

ప్రపంచంలో మిగతా చోట్ల లా సలేత్ మాత పండుగ సెప్టెంబరు 19న. కొడైకెనాల్‌లో మాత్రం ఆగస్టు 14, 15 తేదీల్లో, మోక్షారోపణ పండుగతో కలిపి చేస్తారు. పూలతో అలంకరించిన రథాలు ఊరేగుతాయి. మతాలకు అతీతంగా జనం వస్తారు.

మనలో ఎవరైనా ఆ పండుగకో, వేసవి సెలవులకో వెళ్తే, కొడైరోడ్‌లో రైలు దిగినప్పుడు ఆ ఊరి పేరు అమ్మయనాయకనూరని పిల్లలకు చెబుదాం. ఆ నాయకుల ఇళ్లలో మాట్లాడింది మన భాషేనని కూడా చెబుదాం.