తండ్రి శిక్షకుడు, తనయుడు ఆటగాడు

హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున, నేడు సైబరాబాదు అని వ్యవహరించే ప్రాంతంలో, గచ్చిబౌలి వద్ద విశాలమైన క్రీడారంగం ఒకటి ఉన్నది. 2002లో జరిగిన జాతీయ క్రీడల కొరకు దానిని నిర్మించారు. ఆ ఏడే హెలికాప్టరు ప్రమాదంలో అసువులు బాసిన లోకసభాధ్యక్షులు బాలయోగిగారి పేరు దానికి పెట్టారు. హైటెక్ సిటీ అద్దాల మేడలు దానికి ఎంతో దూరం కావు. 2024 సెప్టెంబరులో భారత ఫుట్‌బాల్ జట్టు ఆ మైదానంలో మారిషస్‌తో ఒక్క గోలైనా లేక ఆట ముగించి, తరువాత సిరియాకు 3-0తో తలవంచింది. ఓటమి ఏ జట్టుకైనా తప్పదు. కాని ఆ ఓటమి హైదరాబాదులో జరగడం పాతకాలపువారికి కొంత కష్టం కలిగించి ఉంటుంది. ఒకప్పుడు ఈ నగరపు పేర్లు లేకుండా భారత జట్టు పట్టిక పూర్తి అయ్యేది కాదు.

ఆ వైభవానికి మూలపురుషుడు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో జన్మించిన ఆయన వృత్తిచేత బడిపంతులు. 1943 నుండి తుదిశ్వాస వరకు హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పు గెలుచుకున్నది. పిల్లలకు ఆయన పెట్టిన పోటీలు విచిత్రమైనవి. కుడికాలి వాటం గలవాడు ఎడమకాలితోనే బంతిని తన్నవలెనని ఒక నియమం. బంతిని తన కాళ్ళ వద్దనే తిప్పుకొనక వెంటనే తోటివానికి అందించవలెనని మరొక నియమం. ఈ రెండవ నియమం నా దృష్టిలో ఆటకే కాక ఆయన స్వభావానికి కూడా తాళపుచెవి వంటిది.

ఆ ఇంట 1939లో పుట్టిన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం. తండ్రికి ఊపిరియైన ఆటలోనే కుమారుడూ పెరిగాడు. ఇందులో వింత లేదు. కంసాలి కొడుకు సుత్తి పట్టడం లోకసహజం. అయితే ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. కుస్తీపట్టే కొడుకు కొరకు తండ్రి సర్వస్వమూ ధారపోయవచ్చు, దానివలన పొరుగింటివానికి నష్టం లేదు. జట్టు ఆట అట్లా కాదు. తన కొడుకుకు ఇచ్చిన స్థానం మరొక తల్లి కన్నబిడ్డ నుండి తీసినదే అవుతుంది. శిక్షకుడే తండ్రి అయినప్పుడు ఆ లెక్క ఎంత సున్నితమో చెప్పనక్కరలేదు.

1960లో ఇరువది ఒకటవ ఏట హకీం రోము ఒలింపిక్ క్రీడలకు ఎంపికైన భారత జట్టులో చేరాడు. జట్టుకు శిక్షకుడు తండ్రియే. భారతం అక్కడ మూడు ఆటలు ఆడింది. హంగరీ చేతిలో 2-1తో ఓడి, ఫ్రాన్సుతో 1-1తో సమంగా నిలిచి, పెరూ చేతిలో 3-1తో ఓడింది. ఈ మూడింటిలో ఒక్కదానిలోనూ హకీం మైదానంలోకి దిగలేదు. అంత దూరం ప్రయాణించి, తండ్రి పక్కనే కూర్చుండి, ఇతరుల ఆట చూసి తిరిగి వచ్చాడు.

అదే శిక్షకుడు ఇతరుల బిడ్డలకు ఏమి చేసేవాడో కూడా చెప్పుకోవలె. సికిందరాబాదు శివారులోని అమ్ముగూడలో పేదకుటుంబంలో పుట్టిన తులసీదాసు బలరాం నగరానికి వచ్చి సాధన చేసే స్తోమత లేదన్నప్పుడు, సైకిలు అద్దె తానే ఇచ్చి రప్పించారు రహీం సాహెబు. ఆ బలరాం మెల్బోర్నులోను, రోములోను భారత జట్టులో నిలిచాడు. పేదపిల్లవానికి సైకిలు అద్దె దొరికింది, సొంత బిడ్డకు ఆటలో చోటు దొరకలేదు. రెండూ ఒకే చేతి పనులు!

1962 జకార్తా ఆసియా క్రీడలు వచ్చాయి. ఈమారు హకీంకు జట్టులోనే స్థానం చిక్కలేదు; కొద్దిలో తప్పిపోయింది. సెప్టెంబరు 4న, ప్రేక్షకులు మన జట్టుపై ఆగ్రహంతో ఉన్న ఆ మైదానంలో, భారతం దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణపతకం అందుకున్నది. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్ ఒక గోలు చేయగా, పి. కె. బెనర్జీ మరొకటి చేశాడు. రహీం సాహెబు అప్పటికే రోగపీడితులు. 1963 జూన్ 11న ఊపిరితిత్తుల కాన్సరుతో మరణించారు. కొడుకు మెడలో పతకం వేసే అవకాశం ఆ తండ్రికి మరి రాలేదు.

ఇంతటితో ఆ యువకుడు ఆటపై విరక్తి చెంది ఉంటే తప్పుపట్టేవారు లేరు. ఆయన మాత్రం ఆటను విడువలేదు. వైమానిక దళంలో చేరి స్క్వాడ్రన్ లీడరు అయ్యారు. సర్వీసెస్ జట్టు పక్షాన సంతోష్ ట్రోఫీ పోటీలలో ఆడారు. తరువాత ఈల చేతపట్టి అంతర్జాతీయ రిఫరీ అయ్యారు. 1988లో ఖతార్‌లో జరిగిన ఆసియా కప్పు పోటీలలో ఆయన తీర్పరి. ఇరుపక్షాలలో ఎవ్వరి వైపూ మొగ్గరాని ఆ కొలువు ఆ ఇంటి బిడ్డకు తగినదే అనిపిస్తుంది. 1982 ఢిల్లీ ఆసియా క్రీడలలో బెనర్జీకి సహాయ శిక్షకులుగా ఉన్నారు. 1998లో ఆయన శిక్షణలో మహీంద్రా జట్టు డ్యూరాండ్ కప్పు గెలిచింది.

గచ్చిబౌలిని సొంతగడ్డగా చేసుకొని 2019లో హైదరాబాదు ఎఫ్.సి. అనే జట్టు వెలసింది. 2022లో దేశపు లీగు విజేత అయింది. 2025లో అది ఢిల్లీకి తరలిపోయింది. వ్యాపారపు జట్లకు ఊరు మారడం తేలిక. సైకిలు అద్దె ఇచ్చిన పంతులుగారి జట్టుకు ఆ సౌకర్యం లేదు. దానికి ఈ ఊరి బడులు, ఈ ఊరి ఇళ్ళు తప్ప వేరే ఆధారం లేదు.

2017లో మన దేశంలో జరిగిన పదిహేడేండ్ల లోపు బాలుర ప్రపంచకప్పుకు ముందు, ఆడగల పిల్లలను వెదికిపట్టే పనికి నాయకత్వం వహించినవారిలో హకీం ఒకరు. అప్పటికి ఆయనకు డెబ్బది అయిదేండ్లు దాటినవి. ఆ ఏడే ధ్యాన్‌చంద్ పురస్కారం లభించింది. 2021 ఆగస్టు 22న గుల్బర్గాలో కన్నుమూశారు. రహీం సాహెబు జీవితంపై తీసిన 'మైదాన్' చలనచిత్రం 2024లో విడుదలైంది. దానిని చూడడానికి ఆ కుమారుడు లేడు.