మార్లవాయిలో రెండు సమాధులు

ఏటా జనవరి 11న కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా జైనూర్ మండలంలోని మార్లవాయికి చుట్టుపక్కల గూడేల జనం వస్తారు. అక్కడ పక్కపక్కనే రెండు సమాధులున్నాయి. ఒకటి బెట్టీ ఎలిజబెత్‌ది, రెండోది ఆమె భర్త క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ది. ఎక్కడినుంచో వచ్చిన ఈ ఇద్దరూ గోండు గూడెంలో ఎందుకు నిదురిస్తున్నారు? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే సేవ అంటే ఏమిటో కొంత తెలుస్తుంది.

హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టాడు. మానవ శాస్త్రం చదివాడు. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికి ఆయన చేతిలో ఉన్నది జర్మనీ పాస్‌పోర్టు. బ్రిటిష్ వాళ్లకు శత్రు దేశస్థుడైపోయాడు. హైదరాబాద్ సంస్థానం దాటి పోకూడదని ఆంక్ష పెట్టారు. అలా ఒకరకంగా నిర్బంధంలో ఉన్న మనిషే చెంచుల పెంటల్లో, కొండరెడ్ల ఊళ్లలో తిరిగి, ఆ తర్వాత ఆదిలాబాద్ అడవులకు వచ్చాడు.

అవి మనకు గాయాల రోజులు. రిజర్వు అడవి పేరుతో పోడు భూములు పోయాయి. పశువులు మేపితే పన్ను, కట్టె తెచ్చుకుంటే కేసు. తరతరాలుగా దున్నిన చేనుకు పట్టా కాగితం లేదని, బయటినుంచి వచ్చినవాళ్ల పేరున రాసేశారు. దీనికి ఎదురు నిలిచిన కుమురం భీం 1940లో జోడేఘాట్‌లో నిజాం పోలీసుల తూటాలకు బలయ్యాడు. ఆ తర్వాతే గోండుల గోడు తెలుసుకోవాలని ప్రభుత్వానికి తోచింది. ఆ పని హైమన్‌డార్ఫ్‌కు అప్పగించింది. ఈ వరుసను మనం మరిచిపోకూడదు. తలుపు తట్టింది భీం. ఆ తలుపు తెరుచుకున్నాక లోపలికి వచ్చి కూర్చుని విన్నవాడు హైమన్‌డార్ఫ్.

ఆయన ముందుగా చేసిన పని మన భాష నేర్చుకోవడం. దంపతులిద్దరూ మార్లవాయిలోనే ఒక గుడిసెలో కాపురం పెట్టారు. పండుగల్లో, పెళ్లిళ్లలో, చావుల్లో జనంతోపాటే ఉన్నారు. ఊరివాళ్లు చెప్పింది విని రాసుకున్నారు. ఆ రాతలే నివేదికలై ప్రభుత్వం ముందుకు వెళ్లాయి. వేల కుటుంబాలకు పట్టాలు రావడానికి, 1356 ఫసలీలో గిరిజన ప్రాంతాల చట్టం రావడానికి అవి తోడ్పడ్డాయి.

1943లో మార్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం మొదలైంది. అప్పటికి గోండుల్లో అక్షరం ముక్క వచ్చినవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. కాస్త మరాఠీ చదవగలిగిన కొద్దిమందిని చేరదీశారు. నాగరి లిపిలో గోండి వాచకాలు తయారు చేయించారు. శిక్షణ పొందినవాళ్లు గూడేలకు వెళ్లి బడులు నడిపారు. పిల్లలు తమ ఇంటి మాటను మొదటిసారి పుస్తకంలో చూశారు. ఆ తొలి గోండు పంతుళ్లలో చాలామంది పేర్లు మన పిల్లలకు తెలియవు. సేవ చరిత్రలో వాళ్లకూ పెద్ద పీట వేయాలి.

హైమన్‌డార్ఫ్ స్వార్థం లేనివాడేనా అని మీరు అడగవచ్చు. ఆయనకు ఉద్యోగం ఉంది. మన జీవితం మీద రాసిన పుస్తకాలతో పేరూ వచ్చింది. ఇది నిజమే. అయితే ఉద్యోగం ముగిసి, లండన్‌లో ఆచార్యుడై, పేరు సంపాదించాక కూడా ఆయన మళ్లీ మళ్లీ వచ్చాడు. 1970ల చివర్లో వచ్చినప్పుడు, పట్టాలిచ్చిన భూములే తిరిగి పరాయి చేతుల్లోకి పోయి ఉండటం చూశాడు. తన కష్టం చాలావరకు వృథా అయిందని తెలిసినా మొహం చాటేయలేదు. ఆ అన్యాయాన్ని 1982లో పుస్తకంగా లోకం ముందు పెట్టాడు. ఫలితం చేజారినా బంధం తెగలేదు.

బెట్టీ 1987 జనవరి 11న కన్నుమూసింది. ఆమెను మార్లవాయి మట్టిలోనే ఉంచారు. ఆయన 1995లో లండన్‌లో చనిపోయాడు. 2012లో ఆయన అస్థికలు తెచ్చి ఆమె పక్కన చేర్చారు. బతికినంత కాలం తమకు ఎక్కడ సంతోషం దొరికిందో ఆ సమాధులే చెబుతాయి.

ఇది మనకు కొత్త సంగతి కాదు. మన సగా కట్టుబాటులో పెళ్లికైనా చావుకైనా ఎదుటి సగా వాళ్లు వచ్చి పని అందుకుంటారు. రేపు వాళ్లింట్లో మనం అందుకుంటాం. దండారి రోజుల్లో ఒక ఊరు మరో ఊరికి ఆడుతూ వెళ్తుంది, ఆ ఊరు అన్నం పెట్టి ఆదరిస్తుంది. ఇందులో దాత లేడు, దీనుడు లేడు, చుట్టరికమే ఉంది. హైమన్‌డార్ఫ్ దంపతులు ఆ చుట్టరికంలోకి వచ్చారు కాబట్టే మనవాళ్లయ్యారు.

గూడెం బడికి కొత్తగా వచ్చే ఉపాధ్యాయులు ముందు పిల్లల భాషలో నాలుగు మాటలు నేర్చుకోండి. పట్నంలో చదువుతున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సెలవులకు వచ్చినప్పుడు ఒక అవ్వ పింఛను కాగితం చదివి పెట్టండి, ఒక తాత చెప్పే కథ రాసుకోండి. ఆ గడప మీద కూర్చున్న పూట మీకు దొరికే ఆనందం మార్లవాయి గుడిసెలో ఆ ఇద్దరికీ దొరికిన ఆనందం లాంటిదే.