లెవీ గింజ నుండి చౌక బియ్యము వరకు

మహాభారత సభాపర్వమున నారదుడు ధర్మరాజు కొలువునకు వచ్చి రాజ్యపాలనమును గూర్చి పెక్కు ప్రశ్నలు వేయును. సేద్యగానికి విత్తనమునకును తిండికిని లోటు లేదు గదా యనునది వానిలో నొకటి. కౌటిల్యుడు ఇంకను వివరముగా, కోష్ఠాగారమందలి ధాన్యములో సగము జానపదుల యాపదకై నిలువయుంచి తక్కిన సగమునే వాడవలెననియు, క్రొత్తగింజ వచ్చినపుడు ప్రాతదానిని మార్చవలెననియు విధించెను. కొట్టులో గింజ పురుగుపట్టుట ఆనాడును ఉన్నదే కాబోలు!

బోనకల్లు ప్రాంతము నిజాము రాజ్యమున మధిర తాలూకాలోనిది. తాలూకా పొలిమేర దాటిన ఇంగ్లీషువారి కృష్ణాజిల్లా. ఇట హాలీ సిక్కా, అట కల్దారు రూపాయి. 1942లో జపానువారు బర్మాను పట్టుటతో రంగూను బియ్యము రాక నిలిచెను. 1943లో బంగాళమున లక్షలాది జనులు ఆకలికి మడిసిరి. ఆ యుద్ధకాలముననే హైదరాబాదు ప్రభుత్వము రైతులపై లెవీ విధించెను. సాగుభూమినిబట్టి ఇంత ధాన్యమని, సర్కారు కట్టిన ధరకు, ఇచ్చితీరవలెను. పట్టణవాసుల రేషనుకు ధాన్యము సమకూర్చుట దాని యుద్దేశము, దానిని తప్పుపట్టరాదు. కాని పెద్ద భూస్వాములు తమ వంతు తప్పించుకొనగా భారమంతయు చిన్నరైతుపై బడెను. పంట పండనివాడు అంగడిలో హెచ్చుధరకు కొని సర్కారుకు తక్కువధరకు కొలిచిన దినములు గలవు. ఎవనిపేర ఎన్ని బస్తాలని వ్రాయు కలము పటేలు పట్వారీల చేతిలో నుండెను. 1944 భువనగిరి, 1945 ఖమ్మం ఆంధ్రమహాసభల నాటికి లెవీ పల్లెప్రజల పెద్ద ఫిర్యాదు. 1946లో మొదలైన సాయుధపోరాటమునకు గల కారణములలో నిదియు నొకటి.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. 1953లో ఖమ్మం ప్రత్యేకజిల్లా యయ్యెను. రఫీ అహ్మద్ కిద్వాయి ఆహారమంత్రిగా నుండగా 1954 నాటికి ధాన్యపు కంట్రోళ్లు తొలగెను. 1956 ఒడంబడికతో అమెరికా గోధుమలు ఓడలలో వచ్చెను. 1965లో భారత ఆహారసంస్థ ఏర్పడెను. 1967లో నాగార్జునసాగరు నీరు కాలువలకు వదలిరి. ఎడమకాలువ మధిర ప్రాంతమునకు వరి నిచ్చెను. అయినను పత్తియు మిరపయు పండు చేలలో కూలికి బోవువాడు బియ్యము కొనుక్కొనవలసినదే.

ఆ కొనుగోలుభారమును తేలికపరచినది 1983లో నందమూరి తారకరామారావు ప్రభుత్వము తెచ్చిన కిలో రెండు రూపాయల బియ్యము. ఏటి యాదాయము 6,000 రూపాయలు మించని కుటుంబమునకు, నెలకు 25 కిలోల మితిలో, తలకు 5 కిలోలు. గింజను ఇంటినుండి కొనిపోయిన ప్రభుత్వపు జాబితా ఇప్పుడు గింజను ఇంటికి తెచ్చెను. మరుసటి యేడే, 1984లో, పటేలు పట్వారీ వ్యవస్థ రద్దయ్యెను. వంశపారంపర్యపు కలము పోయినది గాని జాబితా పోలేదు.

ధర మాత్రము నిలుకడగా లేదు. 1992లో 3 రూపాయల 50 పైసలు, 1994లో మరల 2, 1996లో మరల 3.50, 2000లో 5.25, 2008లో తిరిగి 2, 2011లో 1 రూపాయి. ఈ వరుసను ఎన్నికల పంచాంగముతో సరిచూచుకొన్నవారికి కొంత వినోదము గలుగును. బియ్యముతోనే కూడు కాదని గ్రహించినది 2013 నాటి అమ్మహస్తము: కందిపప్పు, పామాయిలు, చింతపండు, కారము, పసుపు మొదలగు తొమ్మిది సరుకులు 185 రూపాయలకు. రాష్ట్రవిభజన తరువాత ఆ సంచి నిలువలేదు. పేదయింట పప్పునకును నూనెకును పెట్టు ఖర్చు నేటికిని బరువైనదే.

2013 జాతీయ ఆహారభద్రతా చట్టముతో బియ్యము హక్కు అయ్యెను. 2015 జనవరి నుండి తెలంగాణమున ఇంటి పరిమితి తొలగించి తలకు 6 కిలోలు చేసిరి. 2025 ఉగాదికి ఉచితముగా సన్నబియ్యము వచ్చెను. పల్లెలలో ఆదాయము లక్షన్నర రూపాయలును, భూమి మాగాణి మూడున్నర, మెట్ట ఏడున్నర యెకరములును మించరాదు. దరఖాస్తు మీసేవలో. కోడలిగా వచ్చిన స్త్రీ పేరు పుట్టింటి కార్డులో తీసివేసినగాని అత్తింటి కార్డులో ఎక్కదు; ఈ నడుమ నెలలలో ఆమె బియ్యము ఏ యింటికిని చేరదు. క్రొత్తకార్డులకై ఏండ్ల తరబడి ఎదురుచూచిన కుటుంబములు పెక్కు. 2025లో వాని జారీ మరల మొదలయ్యెను. ఇక మిరపకాయ కోసి కోసి రేకలు అరిగిన వ్రేళ్లను దుకాణములోని యంత్రము గుర్తింపకపోవుట కలదు. అట్టివారు కంటిపాప గుర్తింపు కోరవచ్చును. మిరపకోతల కాలమున భద్రాచలము అడవులనుండియు ఛత్తీసుగఢునుండియు వచ్చు కూలీలు తమ కార్డు వివరములు వెంట తెచ్చుకొన్నచో, ఏ యూరి చౌకదుకాణముననైనను తమ వంతు ధాన్యము తీసికొను ఏర్పాటు నేడు గలదు.