హోసూరు మిద్దెల మీద తెలుగు బొమ్మ

"బొమ్మొచ్చిందా?" అని మిద్దె మీద నుంచి ఒక కేక. "లేదు, ఇంకొంచెం బెంగళూరు పక్కకు తిప్పు" అని కింద నుంచి బదులు. 1980లలో తమిళనాడు అంచున ఉన్న హోసూరులో టీవీ పెట్టిన ఇళ్లకు దిక్కు బెంగళూరే. మద్రాసు దూరదర్శన్ కేంద్రం 1975లోనే మొదలైనా, అది దాదాపు 300 కిలోమీటర్ల అవతల ఉంది. 1981 నవంబరులో వచ్చిన బెంగళూరు కేంద్రం 40 కిలోమీటర్లే. ఆనాటి టీవీ సంకేతం నేల వంపును దాటి ఎక్కువ దూరం పోలేదు కాబట్టి దగ్గరి గోపురానిదే గెలుపు. అలా పాలన మద్రాసుది, బొమ్మ బెంగళూరుది, ఇంట్లో మాట తెలుగుది అయింది. హైదరాబాద్ కేంద్రం 1977 నుంచి తెలుగులోనే మాట్లాడుతున్నా ఆ మాట ఈ మిద్దెలకు అందలేదు.

1987లో దూరదర్శన్‌లో 'రామాయణ్' వచ్చినప్పుడు మాత్రం ఎవరికీ ఇబ్బంది లేదు. అది హిందీలో నడిచినా, కథ ముందే తెలిసిన జనానికి భాష అడ్డు కాలేదు.

తెలుగు ఇక్కడికి గొట్టం అంటెనా మీద రాలేదు, గొడుగు లాంటి డిష్ మీద దిగింది. 1993 ఏప్రిల్‌లో తమిళంలో సన్ టీవీ, మరుసటి ఏడు కన్నడంలో ఉదయ, 1995లో తెలుగులో జెమిని, అదే ఏడు ఆగస్టు 27న ఈటీవీ మొదలయ్యాయి. ఉపగ్రహానికి రాష్ట్రాల పొలిమేరలు పట్టవు. హైదరాబాదులో కనిపించిన బొమ్మే హోసూరు పక్కనున్న బేరికెలోనూ బాగలూరులోనూ అదే క్షణంలో కనిపించగలదు. 1996లో ఈటీవీలో మొదలైన పాటల పోటీ 'పాడుతా తీయగా'లో గాయకుడు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం ఒక్కో అక్షరాన్ని సరిదిద్దుతుంటే, తెలుగు బడి అందని పిల్లలకు అదీ ఒక పాఠమే.

కానీ డిష్‌కూ ఇంటికీ నడుమ కేబులతను ఉన్నాడు. ఆ కాలపు తీగలో పట్టే చానళ్లు కొన్నే, పాత టీవీలలో మీటలు అంతకన్నా తక్కువ. ఏ చానల్‌ను ముందు పెట్టాలో, దేన్ని చివరికి తోయాలో అతనిదే నిర్ణయం. తీగ సాగేకొద్దీ సంకేతం సన్నగిల్లుతుంది గనుక ఊరి చివరి ఇళ్లకు బొమ్మ కన్నా చుక్కలే ఎక్కువ చేరేవి. నిన్న ఉన్న అంకె మీద ఇవాళ ఇంకో చానల్ ఉండేది.

ఆ తరువాత రెండు పెద్ద మలుపులొచ్చాయి. తమిళనాడు ప్రభుత్వం 2006 నుంచి ఉచితంగా కలర్ టీవీలు పంచింది. 2011 సెప్టెంబరులో ప్రభుత్వ సంస్థ అరసు కేబుల్ నెలకు 70 రూపాయలకే చానళ్లిచ్చింది. పేదింటికి ఇది నిజమైన మేలు. అదే 2006లో తమిళాన్ని బడిలో తప్పనిసరి చేసే చట్టం కూడా వచ్చింది. దాంతో తెలుగు బడికి నీడ తగ్గింది. ఇంట్లో తెర మీద వినపడే తెలుగుకు విలువ పెరిగింది ఆ దశలోనే.

2019 ఫిబ్రవరి నుంచి ప్రసారాల నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త పద్ధతి తెచ్చింది. అప్పట్లో నూరు చానళ్లకు గరిష్ఠంగా 130 రూపాయల మూల రుసుము, పన్నుతో 153 రూపాయల 40 పైసలు ఉండేది. డబ్బు కట్టి చూసే చానళ్లకు వాటి ధర వేరే. కావలసినదానికే కట్టండి అన్నది మంచి మాటే. ఒకే భాష ఇంటికి అది సరిపోతుంది. వీధిలో తమిళం, సంతలో కన్నడం, పొయ్యి దగ్గర తెలుగు మాట్లాడే హోసూరు ఇంటికి మాత్రం మూడు భాషల ప్యాకేజీలు కావాలి. తల్లిభాషను అదనపు పద్దు కింద కొనుక్కోవాల్సి రావడం అన్యాయమే.

ఇంత కట్టి తెచ్చుకున్నాక ప్రకటనలు. గంటకు 12 నిమిషాలు మించరాదని కేబుల్ నియమాలలోనే ఉంది. ట్రాయ్ 2013లో దాన్ని గట్టిగా అమలు చేయబోతే ప్రసార సంస్థలు ఢిల్లీ హైకోర్టుకెక్కాయి. ప్రకటన రాగానే శబ్దం చెవులు చిల్లులు పడేలా పెరగడానికీ కారణముంది. మాటల్లో సన్నని, బలమైన స్వరాల మధ్య ఉండే తేడాను నొక్కేసి, అంతటినీ ఎత్తులోనే నిలుపుతారు. గరిష్ఠ స్థాయి పెరగదు, సగటు పెరుగుతుంది. అమెరికా దీనికి 2010లో ప్రత్యేక చట్టమే చేసింది. ఇక్కడ అవ్వల చేతిలోని రిమోటే చట్టం. సీరియల్‌లో కోడలు తలుపు తీసే లోపు వచ్చే ప్రకటనకు శబ్దం తగ్గించాలి, తీశాక పెంచాలి.

వార్తల వేళ ఇంకో లోటు కనిపిస్తుంది. తెర అడుగున పరిగెత్తే అక్షరాలలో కుప్పం పేరు తరచూ వస్తుంది. ఆంధ్ర అంచున ఉన్న కుప్పానికి దగ్గరలోనే, తమిళనాడు వైపు వేపనపల్లి ఉంది. మబ్బు రెండింటి మీదా ఒకటే. కానీ తెలుగు వాతావరణ వార్తలో ఆంధ్ర పటం కుప్పం దగ్గర ఆగిపోతుంది. టమాటా పైరు పెట్టిన వేపనపల్లి తెలుగు రైతు వాన మాట వినడానికి తమిళ చానల్‌కు మార్చుకుంటాడు.